కుక్క తర్వాత ఆయన పేరు

మా కింది ఇంటాయన పోయిన సంగతి నాకు మెట్ల మీద తెలిసింది. చేతిలో పప్పుచారు గిన్నె ఉంది. తలుపు కొట్టబోతుంటే మా బిల్డింగు బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ చీపురు పట్టుకొని కింది నుంచి వస్తూ, "ఆయన లేరమ్మా. నిన్న హాస్పిటల్లోనే... గుండె" అన్నాడు. ఇక్కడివాళ్ళు ఇలాంటి మాట కళ్ళలోకి చూసి చెబుతారు. మనవాళ్ళు నేలకేసి చూసి చెబుతారు. నాకు ఎటు చూడాలో తెలియక గిన్నె వైపు చూశాను. "ఇది ఇంకా వేడిగానే ఉంది" అన్నాను. ఆ సమయానికి నాకు నోటికొచ్చిన జర్మన్ అదొక్కటే.

హౌస్‌మైస్టర్ తలూపి, నా పక్కగా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. నేను ఆ తలుపు ముందు కాసేపు నిలబడ్డాను. తర్వాత గిన్నె పైకి తెచ్చుకున్నాను. ఆ పూట దాన్ని తినలేకపోయాను, పారబోయనూ లేకపోయాను.

ఆయన గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. ఆయన మన మనిషి కాదు, మన విశ్వాసీ కాదు. అయినా హాంబర్గ్‌లో నా పాట విన్న మొదటి మనిషి ఆయనే.

మేము ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నాకు పగలు గడిచేది కాదు. మా ఆయన విమానాలు తయారుచేసే చోట షిఫ్టులకు పోతారు. అమ్మాయి బెర్లిన్‌లో చదువుకుంటోంది. ఫోను చేస్తే నేను తెలుగులో అడుగుతాను, తను జర్మన్‌లో జవాబిస్తుంది. ఇక్కడి వానకు చప్పుడు కూడా ఉండదు, కిటికీ అద్దం మీద తడి మాత్రం కనబడుతుంది. పొద్దున్నే ప్రార్థన చేసుకొని కంజీర వాయిస్తూ ఒక పాట పాడుకునేదాన్ని. రోజంతటిలో ఆ ఇంట్లో వినబడే తెలుగు అదే. అది కూడా గొంతు తగ్గించి పాడేదాన్ని. ఇక్కడ చప్పుడైతే ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తారని అందరూ భయపెట్టారు మరి.

ఒకరోజు పాట అవగానే తలుపు కొట్టిన చప్పుడు. తీస్తే ఈయన. భారీ మనిషి, నున్నటి గుండు, ఒక చెవికి పోగు. ఒంటి మీద పాత తోలు జాకెట్. అది ఎక్కడికక్కడ చిరిగి, చిరిగిన చోటల్లా పిన్నీసులు వరసగా గుచ్చి ఉన్నాయి.

"పొద్దున పాడేది మీరేనా?"

"క్షమించండి. ఇకమీదట పాడను."

"ఎందుకు పాడరు? గట్టిగా పాడండి. నాకు ఎడమ చెవి పనిచేయదు, కిందికి సగమే వినిపిస్తోంది." ఆగి, వేలెత్తి, "ఇంకో మాట. చివర్లో నెమ్మదిస్తున్నారు. ప్రతి పాటా అంతే. ఆఖరి చరణానికి వచ్చేసరికి అలిసిన గుర్రంలా అయిపోతోంది. ఎవరైనా చచ్చిపోతున్నారా?"

నేను నోరు తెరిచి చూస్తుంటే, "నేను డ్రమ్మరును" అన్నారు, నేను డాక్టరును అన్నట్టుగా. అని దిగిపోయారు.

ఆ జాకెట్ చూసి నా మనసు ఉండబట్టలేదు. పాపం ఒంటరి మనిషి, కుట్టిపెట్టే దిక్కు లేక పిన్నీసులతో నెట్టుకొస్తున్నాడు అనుకున్నాను. నాకు పిన్నీసు విలువ తెలుసు. నా గాజులకు ఎప్పుడూ రెండు మూడు వేలాడుతుంటాయి. కానీ ఈ చలిలో పిన్నీసులు గాలినాపుతాయా? మర్నాడు కిందికి వెళ్ళి, వచ్చిన నాలుగు ముక్కల జర్మన్‌లో, చేతులతో కుట్టు చూపించి, జాకెట్ అడిగాను. ఆయన నన్నూ జాకెట్‌నూ మార్చి మార్చి చూశారు. విప్పి ఇచ్చారు.

రెండు రోజులు కూర్చుని లావు దారంతో ప్రతి చిరుగూ కుట్టాను. పిన్నీసులన్నీ తీసి ఒక చిన్న డబ్బాలో వేసి జాకెట్‌తో పాటు తిరిగిచ్చాను. ఆయన దాన్ని దీపం కిందికి తీసుకెళ్ళి కుట్లన్నీ వేలితో తడిమి చూశారు. "చాలా గట్టిగా ఉంది" అన్నారు చివరికి. అప్పటి నుంచి ఏనాడూ అది లేకుండా బయటికి వెళ్ళడం చూడలేదు.

ఆ చిరుగులు ఆయన వయసులో ఉండగా కావాలని బ్లేడుతో కోసుకున్నవని, పంక్ అనే తిరగబడే పాటలు పాడే కుర్రాళ్ళందరూ అలాగే తిరిగేవారని నాకు ఆ తర్వాత చాలా కాలానికి మా అమ్మాయి చెప్పింది. "మమ్మీ, పంక్ జాకెట్ కుట్టేశావా! దస్ ఇస్ట్ సో పైన్లిష్!" అంటే సిగ్గుచేటని. సిగ్గుపడి కిందికి వెళ్ళి అడిగితే ఆయన అన్నారు: "దాన్ని చింపడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది. మీకు రెండు రోజులు పట్టింది. ఏది ఎక్కువ పనో నాకు తెలుసు."

నన్ను ఆయన 'ఫ్రావ్ నాఖ్‌బారిన్' అనేవారు. పొరుగింటమ్మగారూ అని. ఎప్పుడూ 'మీరు' అనే పిలిచేవారు. నేను పప్పుచారు తీసుకెళ్తే గ్లాసులో పోసుకొని కాఫీలా తాగేవారు. క్రిస్మస్‌కు చేసే గులాబీ పువ్వులు ఇస్తే ముందు ఒకదాన్ని కంటికి అడ్డంపెట్టుకొని దాని కంతల్లోంచి నన్ను చూసి, ఆ తర్వాతే తినేవారు. ఇంట్లో డ్రమ్ములు లేవు, ఎప్పుడో అమ్మేశారట. కానీ వేళ్ళు ఊరుకునేవి కావు. బల్ల మీద, రైలింగు మీద, పోస్టు డబ్బా మీద తాళం వేస్తూనే ఉండేవి. పొద్దున నేను పాడుతుంటే కింద ఇల్లు వెచ్చగా ఉంచే రేడియేటరు గొట్టం మీద చెంచాతో కొట్టేవారు. ఆ గొట్టం మా ఇంటిదాకా వస్తుంది కాబట్టి నాకు వినబడేది. ఆఖరి చరణంలో నేను నెమ్మదిస్తే ఆ చప్పుడు గట్టిపడేది. నేను తడబడి ఆగిపోతే మర్నాడు మెట్ల మీద పట్టుకునేవారు. "తప్పు పాడితే పాడండి. మధ్యలో ఆపడమే అసలు తప్పు. జనం తప్పును క్షమిస్తారు, ఆపినవాణ్ణి గుర్తుపెట్టుకుంటారు."

ఆ ఇంటికి ఎవరూ వచ్చేవారు కాదు. పండగపూట కూడా ఆయన వంటగదిలో ఒక్క దీపమే వెలిగేది. మా వంటగదిలోనూ అంతే అనుకోండి.

ఒక వసంతకాలంలో ఆయన పైకి వచ్చి, కుర్చీ అంచున కూర్చొని, ఒక సంగతి చెప్పారు. కుర్రతనంలో ఆయనా ఆయన బ్యాండులోని ముగ్గురు స్నేహితులూ కలిసి ఒక సినిమాలో వేశారట. ఇన్నేళ్ళ తర్వాత దాన్ని శుభ్రం చేసి, మా పేటలోని చిన్న హాల్లో ఒకే ఒక్క మధ్యాహ్నం ఆడిస్తున్నారట.

"దేని గురించండీ?" అన్నాను.

"ఒక బ్యాండు. వాళ్ళలో ఒకడు చచ్చిపోతాడు. మిగతా ముగ్గురూ అతణ్ణి పాతిపెట్టడానికి తీసుకెళ్తారు. అంతే."

"మీరెవరు అందులో?"

"చచ్చినవాణ్ణి. ఒక్క మాట కూడా మరిచిపోలేదు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మొదటిసారి ఆడించినప్పుడు వాళ్ళమ్మను తీసుకెళ్ళారట. ఆమె చిన్న ఊరి మనిషి, ఆదివారం గుడి తప్పని మనిషి. మధ్యలో ఒక చోట లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ ఆ సినిమా మాట ఎత్తలేదు, ఆయన పాట వినలేదు. "చివర ఏముందో ఆమెకు తెలియదు" అన్నారు. "మా బ్యాండువాళ్ళు తప్ప నాకు తెలిసినవాళ్ళెవరూ చివరిదాకా చూడలేదు. మీరు వస్తారా? ఒక్కటే షరతు. హాల్లో దీపాలు వెలిగేదాకా లేవకూడదు. ఆఖర్న పేర్లు వస్తాయి. నాది అన్నింటికంటే చివర. కుక్క పేరు తర్వాత."

వస్తానని మాటిచ్చాను. ఇక్కడే నేనొక పని చేశాను. మనకు ఎవరైనా పిలిస్తే ఒక్కళ్ళం వెళ్ళే అలవాటు లేదు కదా. పైగా స్నేహితుడికి మంచి భూస్థాపన చేయడం గురించిన సినిమా. ఇంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుంది? మా తెలుగు చర్చి స్త్రీల కూడికలో లేచి అందరినీ పిలిచాను. అందరూ పట్టుచీరలు కట్టుకొని, పైన కోట్లు వేసుకొని, డబ్బాల్లో పులిహోర, గారెలు పట్టుకొని వచ్చారు. పాస్టరమ్మగారైతే సంచిలో బైబిలు కూడా తెచ్చారు, సినిమా అయ్యాక రెండు మాటలు పంచుకోవచ్చని.

హాలు ముందు ముక్కులకు రింగులు, తలలకు ఆకుపచ్చ రంగులు వేసుకున్న పిల్లలు నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి వాళ్ళు దారి ఇచ్చారు. కింది ఇంటాయన మా గుంపును చూసి ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. "ఇంతమందా?" అన్నారు. నేను సంతోషంతో అన్నారనుకున్నాను.

సినిమా గురించి ఏం చెప్పను! హాస్పిటల్లో చచ్చిపోయినవాణ్ణి బంధువులకే ఇస్తామంటారు. వీళ్ళు బంధువులు కారు. ఊరూ పేరూ లేని వరసలో పూడ్చేస్తారని భయపడి ఆ ముగ్గురూ శవాన్ని దొంగిలిస్తారు. నల్ల కళ్ళద్దాలు పెట్టి, చెరో రెక్కా పట్టుకొని ఊరంతా తిప్పుతారు. ట్రామ్‌లో కూర్చోబెడతారు. బారులో బీరు ముందు కూర్చోబెడతారు. నా పక్కనున్న ఈ పెద్దమనిషి అక్కడ తెర మీద ఇరవై ఏళ్ళ కుర్రాడు. కోడిపుంజు తురాయిలా నిలబెట్టిన ఎర్ర జుత్తు. మనిషి పోయినా ఆ జుత్తు మాత్రం పడిపోలేదు. బూతులు, రక్తం, వాంతులు. వెనక వరసలో "ప్రభువా, ప్రభువా" అని వినబడుతోంది. ఎవరో గారెల డబ్బా మూత పెట్టేసిన చప్పుడు.

పోలీసులు తరుముతుంటే వాళ్ళు ఒక గుళ్ళోకి దూరి, ఆరాధన జరుగుతుండగా శవాన్ని బెంచీ మీద జనం మధ్య కూర్చున్నట్టే కూర్చోబెడతారు. పక్కనున్న ముసలాయన వంగి ఆ చచ్చినవాడి చేతిని పట్టుకొని ఊపి, 'నీకు సమాధానం కలుగుగాక' అని శాంతి చెబుతాడు. కానుక సంచి వస్తే స్నేహితుడు ఆ చేతిని ఎత్తి అందులో ఒక గుండీ వేయిస్తాడు. ఆరాధన ముగుస్తుంది. పాట పాడతారు. ఒక్కరూ గమనించరు.

హాల్లో కుర్రకారు పగలబడి నవ్వుతోంది. పాస్టరమ్మగారు లేచారు. ఆమె లేస్తే అందరూ లేచారు. పట్టుచీరల చప్పుడు చీకట్లో నా పక్క నుంచి పోయింది. ఆమె వంగి నా చెవిలో, "రామ్మా, లెగు. ఇది కూర్చునే చోటు కాదు" అన్నారు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన తెర వైపు చూడటం లేదు. ముందు సీటు వెనక చెక్క మీద ఆడుతూ ఉండే వేళ్ళు ఆగిపోయి ఉన్నాయి. వాళ్ళమ్మ లేచిన చోటు ఇదేనని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"మీరు పదండి అమ్మగారూ. నేను వస్తాను" అన్నాను.

"ఏవిటీ, చూస్తావా దీన్ని?"

"మాటిచ్చానండీ."

నాకు ఆ సినిమా నచ్చి కూర్చోలేదు. నచ్చిందని ఇప్పటికీ అనలేను. కానీ ఆ బెంచీ దగ్గర నా మనసు ఆగిపోయింది. మా చర్చిలో నా పక్కన కూర్చున్నవాళ్ళలో లోపల ప్రాణం లేనివాళ్ళు ఎంతమందో, నేనెంతమంది చేతులు అలా ఊపి వచ్చానో. నా చెయ్యి కూడా ఎందరో అలాగే ఊపారు. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు, భయమూ వేయలేదు.

చివర ఏమైందంటే, వాళ్ళు ఊరి బయట రైలు కట్ట పక్కన, వానలో, చేతులతో తవ్వి స్నేహితుణ్ణి గుంటలో దించుతారు. మట్టి తోయబోతుంటే పోలీసు సైరను. ముగ్గురూ పరుగో పరుగు. గుంట సగం తెరిచే ఉంటుంది. దారిలో వాళ్ళ వెంటపడిన ఒక వీధికుక్క మాత్రం వెళ్ళదు. అంచున కూర్చుని, తడుస్తూ, లోపలికి చూస్తూ ఉంటుంది. తెర మీద పేర్లు మొదలవుతాయి. కుక్క పేరు వచ్చింది. ఆ తర్వాత ఆయన పేరు వచ్చింది. దీపాలు వెలిగాయి.

"ఇప్పుడు లేవొచ్చు" అన్నారాయన.

బయట పేవ్‌మెంటు మీద మావాళ్ళు గొడుగుల కింద నిలబడి ఉన్నారు. "భూస్థాపన సినిమా అన్నావు కదమ్మా తల్లీ!" అని పాస్టరమ్మగారు అందుకున్నారు. "శవం చేత కానుక వేయించారే! మా పాస్టరుగారికి తెలిస్తే నన్ను ప్రసంగంలో పెడతారు." ఇంకొకామె, "ఆ పులిహోర అయినా ఇటివ్వండి, ఇంటికెళ్ళి తింటాం" అంది. అయినా ఆ తర్వాత చాలా ఆదివారాలు నా పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది. ఎవరూ ఏమీ అనలేదు. సమాధానం చెప్పుకునేటప్పుడు చేతులు మాత్రం ఊపేవారు.

మేమిద్దరం ఆ రోజు నడిచే ఇంటికొచ్చాం. మా గుమ్మం దగ్గర ఆయన, "ఎలా ఉంది?" అని అడిగారు. అబద్ధం చెప్పలేక, "చివర అలా వదిలేసి పోవడం బాలేదండీ" అన్నాను. "మా వైపు గుంట పూర్తిగా పూడ్చేదాకా ఎవరూ కదలరు. తలా గుప్పెడు మట్టి వేస్తారు, పూడ్చేవాళ్ళు పూడుస్తుంటే అక్కడే పాడతారు. మట్టి సర్ది, పువ్వులు పెట్టాకే ఇళ్ళకు పోతారు."

"అందరూ ఉంటారా?"

"అందరూనండీ."

"వానొచ్చినా?"

"వానొస్తే తడుస్తారు."

ఆయన రైలింగు మీద వేళ్ళతో కాసేపు తాళం వేశారు. "ఇక్కడ పెట్టె దించగానే పిడికెడు మట్టి వేసి కాఫీకి పోతారు. అందరూ పోయాక పనివాళ్ళు వచ్చి పూడుస్తారు. చూసేవాళ్ళు ఉండరు" అన్నారు. "ఫ్రావ్ నాఖ్‌బారిన్, నా విషయంలో మీ ఊరి పద్ధతి చేయించగలరా?"

"అలాంటి మాటలు అనకండి" అన్నాను. మన అలవాటు అది కదా. కానీ ఆయన నా జవాబు కోసం అక్కడే నిలబడ్డారు. సరేనన్నాను.

ఇప్పుడు ఆయన భూస్థాపనకు పాస్టరమ్మగారిని పిలిచాను. "ప్రార్థనలో పెడతానమ్మా" అన్నారు. మా ఆయనకు షిఫ్టు మారలేదు. నేనొక్కదాన్నే తెల్లచీర కట్టుకొని వెళ్ళాను. ముగ్గురు ముసలివాళ్ళు తోలు జాకెట్లలో నిలబడి ఉన్నారు. ఒకాయన చేతికర్రతో. తెర మీద పరుగెత్తింది వాళ్ళేనని ముక్కులు చూసి గుర్తుపట్టాను. వాళ్ళలో పొడుగాయన నా దగ్గరికొచ్చి, "జాకెట్ కుట్టింది మీరేనా?" అన్నారు. తలదించుకున్నాను. "బారులో కలిసినప్పుడల్లా మేము వాణ్ణి ఎంత ఏడిపించామో తెలుసా? వాడొక్కటే మాట. మా అమ్మ కుట్టేది ఇలాగే అని. దాన్నే వేసి పంపిస్తున్నాం."

పెట్టె దించారు. పిడికెడు మట్టి వేశారు. ముగ్గురూ గేటు బయటి కాఫీ హోటలుకు నడిచారు. నేను తర్వాత వస్తానని చెప్పి అక్కడే నిలబడ్డాను. పార పట్టుకున్న పనివాడొకడు దూరంగా సిగరెట్టు కాలుస్తున్నాడు.

"అమ్మా, అయిపోయింది. మీరు వెళ్ళొచ్చు. మేం భోజనం చేసొచ్చి పూడుస్తాం."

"ఇప్పుడే పూడ్చండి. నేను చూడాలి."

"ఇది బంధువులు చూసేది కాదమ్మా."

"మా ఊళ్ళో చూస్తారు."

"వాన పడుతోంది."

"పడనివ్వండి."

"మీరు ఆయనకు ఏమవుతారు?"

"పై ఇంటామెను."

అతను తోటివాడి వైపు చూశాడు. ఆ తోటివాడు భుజాలెగరేశాడు. సిగరెట్టు ఆర్పి ఇద్దరూ పారలందుకున్నారు. ఒకతను ఎక్కణ్ణుంచో మడతకుర్చీ తెచ్చి గుంట అంచున వేశాడు. కూర్చున్నాను. చీర అంచు తడిసి కాళ్ళకు చుట్టుకుంది. మొదటి మట్టి పెట్టె మీద పడిన చప్పుడుకు నా ప్రాణం ఉలిక్కిపడింది. పాడదామంటే గొంతు రాలేదు. చుట్టూ ఒక్క మనిషి లేడు. ఆ సినిమాలో కుక్క కూర్చున్న చోటు గుర్తొచ్చింది.

కాసేపటికి వెనక చేతికర్ర చప్పుడు. "మీ కాఫీ చల్లారిపోతోంది" అంటూ వచ్చిన ఆ ముసలాయన పారలను, సగం నిండిన గుంటను, నన్ను చూసి ఆగిపోయారు. ఏమనుకున్నారో, గేటు వైపు తిరిగి ఈలవేశారు. మిగతా ఇద్దరూ వచ్చారు. పొడుగాయన తన గొడుగు నా మీదికి పట్టారు.

"ఈసారి పరుగెత్తరా?" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో తెలియదు.

"మోకాళ్ళు పోయాయమ్మా. పైగా, పోయినసారి కుక్క ఒక్కటే ఆగింది" అన్నారాయన. ముగ్గురూ నవ్వారు. నవ్వి, ముఖాలు తుడుచుకున్నారు. వానే కావచ్చు.

అప్పుడు గొంతు వచ్చింది. పొద్దునపూట పాడుకునే పాటే అందుకున్నాను. వాళ్ళకు ఒక్క ముక్క తెలియదు. కర్ర ఆయన కర్రతో నేల మీద తాళం వేశారు. పారలు పడుతున్నాయి. ఆఖరి చరణం దగ్గర నా పాట బరువెక్కబోయింది. కింద గొట్టం మీద చెంచా గట్టిగా కొట్టినట్టయింది. నెమ్మదించకుండా పాడేశాను.

పనివాళ్ళు మట్టిని పారల వెనకతో తట్టి సర్దారు. నేను తెచ్చిన బంతిపూలు పెట్టాను. పొడుగాయన వంగి, ఇక్కడి సమాధుల మీద పెట్టే ఎర్రగాజు దీపం ఒకటి జేబులోంచి తీశారు. గొడుగు అడ్డంపెట్టి, లైటరు కొట్టారు. తడికి అది అంటుకోలేదు. మళ్ళీ కొట్టారు. నలుగురం దాని చుట్టూ మూగి గాలికి అడ్డం నిలబడ్డాం.

దీపం వెలిగింది. అప్పుడు కదిలాను.